చవక బ్యాగ్‌పైప్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పనికొస్తుందా?

మియాపూర్_కిరణ్
అందరికీ నమస్కారం. బ్యాగ్‌పైప్ నేర్చుకోవాలని చాలాకాలంగా కోరిక. సంగీతం బొత్తిగా తెలియదని కాదు, చిన్నప్పుడు కొన్నాళ్ళు వేణువు నేర్చుకున్నాను. ఆన్‌లైన్‌లో చూస్తే పన్నెండు, పదమూడు వేలకే పూర్తి సెట్ దొరుకుతోంది. రోజ్‌వుడ్ అని రాశారు. వెండి రంగు రింగులు, ఎర్ర గళ్ళ కవరు, పెట్టె, నేర్చుకునే పుస్తకం, పైగా ప్రాక్టీస్ చాంటర్ ఉచితం. అదే స్కాట్లండ్‌లో చేసిన ప్లాస్టిక్ సెట్ అయినా డెబ్భై ఎనభై వేల దాకా అవుతోంది. ఇంత తేడా దేనికి? ముందు చవకది కొని, చెయ్యి తిరిగాక మంచిది తీసుకుంటే సరిపోదా? బడ్జెట్ పదిహేను వేలు. ఉండేది ఫ్లాట్‌లో. అక్కా బావా ఎడిన్‌బరోలో ఉంటారు, డిసెంబరులో వస్తున్నారు, కావాలంటే అక్కడినుంచి తెప్పించుకోగలను. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పాత_పైపర్_టెక్కలి
కిరణ్ బాబూ, ఇప్పుడు నీకు పూర్తి సెట్టే వద్దు. చవకదీ వద్దు, ఖరీదుదీ వద్దు. నేను మద్రాస్ రెజిమెంట్ పైప్ బ్యాండులో పనిచేసి వచ్చినవాణ్ణి, పచ్‌మఢీ మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో కోర్సు చేశాను. అక్కడ ఎంత ఉత్సాహవంతుడైనా, మొదట చేతికిచ్చేది ప్రాక్టీస్ చాంటరే. సంచి ఉండదు, ఒకే స్వరం ఆగకుండా పలికే డ్రోన్ గొట్టాలు ఉండవు, రెండు ముక్కల గొట్టం, లోపల గాలికి అదిరి నాదం పుట్టించే ఒక రీడ్, అంతే. నోటితో ఊదుతూ వేళ్ళు నేర్చుకోవాలి. గొంతు కూడా చిన్నది, సంచికి తగిలించి పాట వాయించే పెద్ద చాంటర్ కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది.

ఎందుకిలా అంటే, బ్యాగ్‌పైప్‌లో స్వరానికీ స్వరానికీ మధ్య గాలి ఆపడం అనేది లేదు. వేణువు మీద నాలుకతో తుంచినట్టు ఇక్కడ తుంచలేవు. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో ఇంకో వేలితో చిన్న గ్రేస్ నోట్ కొట్టి విడదీయాలి. ఆ గ్రేస్ నోట్లు, వాటితో అల్లే డబ్లింగులు, బర్ల్, టోర్లువా అనే వేళ్ళ విన్యాసాలు, ఇవన్నీ వేళ్ళకు పట్టడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది పడుతుంది. అదంతా ప్రాక్టీస్ చాంటర్ మీదే. సంచి చంకకు ఎక్కాక నోటితో ఊదాలి, మోచేత్తో నొక్కాలి, మూడు డ్రోన్లూ శ్రుతిలో ఉన్నాయో లేదో వినాలి, బ్యాండులో అయితే నడవాలి కూడా. అప్పుడు వేళ్ళ గురించి ఆలోచించే తీరిక ఉండదు.

గ్లాస్గో_స్వప్న
టెక్కలి బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా అబ్బాయి ఇక్కడ బడిలో నేర్చుకుంటున్నాడు. టీచర్ గారు మొదటి మీటింగులోనే తల్లిదండ్రులందరికీ చెప్పేశారు: పైప్స్ కొనకండి, నేను చెప్పేదాకా ఏమీ కొనకండి అని. ప్రాక్టీస్ చాంటర్ బడివాళ్ళే ఇచ్చారు. ఊళ్ళో బ్యాండుల్లో చేరినా చాలాచోట్ల మొదట సెట్ అరువిస్తారు.

మీ అక్కావాళ్ళు ఎడిన్‌బరోలో అంటున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. అక్కడి రాయల్ మైల్ వీధిలో టూరిస్టుల కోసం పెట్టిన కొట్లలో కిల్టులతో పాటు బ్యాగ్‌పైప్ సెట్లు కూడా వేలాడుతుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, చాలావరకు గోడకు తగిలించుకోవడానికే. మీరు ఆన్‌లైన్‌లో చూసిన రకమే, రేటు మాత్రం ఎక్కువ. పైపర్లు వెళ్ళే దుకాణానికే వెళ్ళమనండి. గ్లాస్గో దాకా వస్తే కౌకాడెన్స్ దగ్గర నేషనల్ పైపింగ్ సెంటర్ ఉంది, 1996లో తెరిచారు. అందులోనే మ్యూజియం, దుకాణం, తరగతులు. ప్లాస్టిక్ ప్రాక్టీస్ చాంటర్, పెద్దవాళ్ళ సైజు, అంటే లాంగ్ అని అడగండి. అరవై డెబ్భై పౌండ్లలో చాలా మంచిది వస్తుంది. మీ బడ్జెట్‌లో సగం మిగులుతుంది.

మియాపూర్_కిరణ్
బాబాయ్ గారూ, స్వప్న గారూ, ధన్యవాదాలు. చాంటర్ సంగతి అర్థమైంది. కానీ ఏడాది తర్వాతైనా సెట్ కావాలి కదా. చవక సెట్‌లో అసలు లోపమేమిటి? వేణువు నాలుగొందలది కొన్నా, మంచి విద్వాంసుడి చేతిలో పలుకుతుంది. ఇది ఎందుకు పలకదు?

చీరాల_మస్తాన్
కిరణ్ గారూ, నేను నాదస్వరం వాయిస్తాను. బ్యాగ్‌పైప్ మా కుటుంబంలో ఎవరూ పట్టలేదు గానీ రెండూ ఒకే జాతి. చాంటర్ కూడా నాదస్వరం లాగే పైన సన్నం, కింద వెడల్పు. దానికీ జంట రీడే. డ్రోన్లు మన నాదస్వరం పక్కన శ్రుతి పట్టే ఒత్తు చేసే పనే చేస్తాయి, కాకపోతే మూడు: రెండు టెనర్లు, ఒక బాస్. టెనర్లు చాంటర్ షడ్జానికి ఒక స్థాయి కింద, బాస్ రెండు స్థాయిల కింద.

మీ ప్రశ్నకు జవాబు ఇదీ. నాదస్వరంలో రీడ్ నా పెదాల మధ్య ఉంటుంది. వాయిద్యం కాస్త తప్పు పలికితే పెదవి బిగించి, వదులు చేసి, గాలి మార్చి, స్వరాన్ని దారిలో పెట్టుకుంటాను. వేణువులోనూ అంతే, మీ పెదవి కోణం సగం తప్పుల్ని సరిదిద్దుతుంది. బ్యాగ్‌పైప్‌లో రీడ్ సంచి లోపల ఉంటుంది. దాన్ని పెదవి తాకదు. సంచిలో ఒత్తిడి ఒకేలా ఉంచడం తప్ప వాయించేవాడు చేయగలిగింది లేదు. రంధ్రం తప్పుచోట పడితే స్వరం తప్పే. గొప్ప పైపర్ వచ్చినా అంతే. పైగా పక్కనే మూడు డ్రోన్లు షడ్జం పట్టి ఉంటాయి కాబట్టి తేడా చెవికి గుచ్చుకుంటుంది. అందుకే ఈ వాయిద్యంలో చవకది కొంటే ఆ నష్టం కొత్తవాడికే ఎక్కువ. తప్పు తనదో వాయిద్యానిదో అతనికి తెలియదు.

సంగీతం తెలిసినవాళ్ళ కోసం ఇంకో సంగతి. చాంటర్‌లో వచ్చేవి తొమ్మిదే స్వరాలు. పాశ్చాత్య స్వరాల్లో కింది ‘ఏ’ (A)ని షడ్జం అనుకుంటే అచ్చంగా హరికాంభోజి స్వరాలు, కింద ఒక మంద్ర నిషాదం అదనం. మోహనం హాయిగా పలుకుతుంది. శ్రుతి ‘ఏ’ (A) అని రాస్తారు గానీ ఇప్పటి చాంటర్లు ఆరున్నర శ్రుతికి కొంచెం పైన పలుకుతాయి. కాబట్టి హార్మోనియం పక్కన పెట్టుకుని కలవలేదని బెంగపడకండి.

విశాఖ_లేత్‌పని
మస్తాన్ గారు చెప్పినదానికి లేత్ మీద పనిచేసేవాడిగా నా వంతు. ఒక స్నేహితుడి దగ్గర చవక సెట్ ఒకటి, మంచి ప్లాస్టిక్ చాంటర్ ఒకటి ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వెలుతురు వైపు పట్టి లోపలికి చూస్తే మంచి దాని బోర్, అంటే లోపలి రంధ్రం, అద్దంలా నున్నగా, పైనుంచి కిందికి ఒకే వాలుతో ఉంది. చవక దానిలో రంధ్రం తొలిచే రీమర్ గీతలు ఉంగరాల్లా కనిపిస్తున్నాయి, ఒకచోట మెట్టు కూడా ఉంది. రీడ్ కూర్చునే గుంట అక్షానికి కాస్త వంకర. ఆ గుంట లోతులో చిన్న తేడా వచ్చినా పై స్వరాల శ్రుతి మారుతుంది. వేలి రంధ్రాలు కంటి లెక్కన తొలిచినట్టే ఉన్నాయి.

ఇక చెక్క. మంచి సెట్లకు వాడేది ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, టాంజానియా, మొజాంబిక్‌ల నుంచి వస్తుంది. క్లారినెట్లకూ అదే. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు. చెట్టు పక్వానికి రావడానికి దశాబ్దాలు పడుతుంది, కోశాక ఏళ్ళ తరబడి ఆరబెట్టాలి. ఈ చెట్టు చెందిన డాల్బెర్జియా జాతిని దాదాపు మొత్తంగా 2017లో సైటిస్, అంటే అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం, రెండో అనుబంధంలో చేర్చారు, తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. చవక సెట్లలో రోజ్‌వుడ్ అనేది మామూలుగా మన శీషం. శీషం చెడ్డ చెక్క కాదు, మంచాలకు బ్రహ్మాండం. కానీ సరిగా ఆరని శీషంలోకి రోజూ తడిగాలి ఊదితే బోర్ ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది, చివరికి చీలుతుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ధరలో తేడా అంతా నాదానికి కాదు. వెండి, చెక్కుడు పని, పాత పేరు, వీటికీ బోలెడు పోతుంది. అందుకే నేనైతే నల్ల ప్లాస్టిక్ సెట్ వైపే మొగ్గుతాను. ఎసిటాల్ ప్లాస్టిక్‌ని యంత్రం మీద కచ్చితంగా తొలవొచ్చు, తడికి ఉబ్బదు, మే నెల ఎండకు చీలదు. మన విశాఖ ఉక్కపోతకూ, మీ హైదరాబాద్ ఎండకూ చెక్క కంటే అదే నయం.

బెజవాడ_బ్యాండ్_మేస్త్రి
అందరూ చవక సెట్ గోడకు తగిలించుకునేదే అంటున్నారు. నాకు బాధగా ఉంది. మా బ్యాండులో కుర్రాళ్ళు వాయించేవి మీరట్‌లో కొన్న సెట్లే. పెళ్ళి ఊరేగింపులు, స్కూళ్ళ వార్షికోత్సవాలు, నాయకుల స్వాగతాలు, అన్నీ వాటితోనే నడుపుతున్నాం. ఇళ్ళు గడుస్తున్నాయి. ఎనభై వేల సెట్ కొనమంటే మా ఆరుగురికి ఐదు లక్షలు కావాలి, ఎక్కడినుంచి తేవాలి?

మేం ఏం చేస్తామంటే, సెట్‌తో వచ్చిన రీడ్లు ఆ రోజే తీసి పారేస్తాం. మంచి రీడ్లు విడిగా తెప్పిస్తాం. జాయింట్లన్నిటికీ ఉన్న దారం విప్పి, మైనం పట్టించిన జనపనార దారం కొత్తగా చుడతాం. ఊదుడు గొట్టం కింద, గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు మార్చేస్తాం. ఎక్కువ పలికే స్వరానికి రంధ్రం పైఅంచున కరెంటు టేపు ముక్క అతికిస్తాం, దిగిపోతుంది. ఇవి చేస్తే వీధిలో వినేవాడికి తేడా తెలియదు. గఢ్వాల్‌లో బ్యాగ్‌పైప్‌నే మశక్‌బీన్ అని పెళ్ళిళ్ళలో వాయిస్తారు, వాళ్ళేమన్నా స్కాట్లండ్ సెట్లు కొంటున్నారా?

చీరాల_మస్తాన్
మేస్త్రి గారూ, మీ పనిని ఎవరూ తక్కువ చేయడం లేదండీ. మీరు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. రీడ్ మార్చాలని మీకు తెలుసు, దారం చుట్టడం తెలుసు, ఏ స్వరం ఎక్కువ పలుకుతోందో చెవికి తెలుసు. కిరణ్ గారికి ఇవేవీ తెలియవు. ఆ సెట్ మీ చేతిలో వాయిద్యం అవుతుంది, ఆయన చేతిలో కాదు. ఇంకోటి, టేపుతో స్వరాన్ని దించగలం గానీ పెంచలేం. తగ్గు పలికే స్వరానికి రంధ్రం తొలవాలి, తొలిస్తే వెనక్కి రాదు.

బెజవాడ_బ్యాండ్_మేస్త్రి
అది నిజమే. కానీ మా దగ్గర కొత్తగా చేరే కుర్రాడు కూడా ఆ సెట్ మీదే నేర్చుకుంటాడు. పక్కన నేనుంటాను కాబట్టి సరిపోతోంది అంటారా, అయితే కిరణ్ గారూ, మీరు కూడా ఏదైనా బ్యాండు మేస్త్రి దగ్గరికి వెళ్ళండి. మనిషి దగ్గర ఉంటే చవక సెట్ చెల్లుతుంది. నా మాట అదే.

పాత_పైపర్_టెక్కలి
మేస్త్రి గారి మాటలో విలువుంది. గురువు లేకుండా లక్ష రూపాయల సెట్ కొన్నా పలికేది లేదు. రెజిమెంట్‌లో మాకు సెట్ ఇచ్చేముందు పైప్ మేజర్ స్వయంగా పరీక్షించేవారు. ఆ పరీక్ష ఎవరైనా చేయొచ్చు, రాస్తున్నాను, దాచుకోండి.

చాంటర్, మూడు డ్రోన్లు తీసేసి, సంచిలో అవి గుచ్చే చెక్క దిమ్మలు నాలుగింటికీ బిరడాలు బిగించి, సంచి గట్టిగా నిండేదాకా ఊదండి. ఊదడం ఆపి చంకలో పెట్టి నొక్కండి. గట్టిగా నిలబడాలి. మెత్తబడుతోందంటే ఎక్కడో కారుతోంది. ఊదుడు గొట్టంలో నాలుకకు గాలి వెనక్కి తగిలితే వాల్వు పోయినట్టు. దిమ్మ దగ్గర చెవి పెడితే సన్నగా బుస్సుమంటుంది, సంచి కట్టిన చోట సబ్బు నురుగు రాస్తే బుడగ వస్తుంది. చవక సెట్లలో నేను చూసిన మొదటి జబ్బు ఇదే. కొత్తవాడు ఊపిరంతా పోసి ఊదుతాడు, కళ్ళు తిరుగుతాయి, నాకు ఊపిరి చాలదు అనుకుని మానేస్తాడు. ఊపిరి చాలకపోవడం కాదు, సంచి కారుతోంది. టెక్కలిలో ఒక కుర్రవాడు సరిగ్గా ఇలాంటి సెట్‌తో మా ఇంటికొచ్చాడు. దారం చుట్టి, సంచి మళ్ళీ బిగించి ఇచ్చేసరికి వాడి ముఖం వెలిగిపోయింది. శ్రుతి మాత్రం కలవలేదు, చాంటర్ మార్చమన్నాను.

ఒత్తిడి ఎంత కావాలో తెలియాలంటే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం యూ ఆకారంలో గోడకు కట్టి, సగం వరకు రంగు నీళ్ళు పోసి, ఒక కొసని సంచికి తగిలించండి. రెండు వైపుల నీటి మట్టానికి తేడా కొలవాలి. మామూలు చాంటర్ రీడ్‌కి ముప్ఫై అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. వాయిస్తున్నంతసేపూ ఆ నీళ్ళు ఊగకుండా నిలబడాలి. ఊపిరి తీసుకునేటప్పుడు మోచెయ్యి సరిగ్గా అంతే ఒత్తిడి ఇవ్వాలి. ఇది వచ్చిందంటే సగం పైపింగ్ వచ్చినట్టు.

జనగామ_తిత్తి
చర్చ బాగుంది. మన దగ్గర తిత్తి ఉండేదని ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నా. మేక తోలు పూర్తిగా ఒలిచి సంచి చేసి, ఒక గొట్టం ఊదడానికి, ఒకటి శ్రుతికి. పాట వాయించడానికి కాదు, శ్రుతి పట్టడానికే. కథ చెప్పేవాళ్ళ ఎనక మా తాతలనాడు ఉండేది. నా అనుమానం ఒక్కటే: తోలు సంచి మంచిదా, ఇప్పుడొచ్చే గుడ్డ సంచి మంచిదా?

డాలస్_శ్రీధర్
జనగామ అన్నా, తోలు సంచి తడిని పీల్చుకుంటుంది, అందుకే పాతవాళ్ళు వదలరు. కానీ దానికి సీజనింగ్ ద్రవం పోసి అప్పుడప్పుడు పట్టించాలి, లేకపోతే ఎండి కారుతుంది. కొత్తవాళ్ళకు జిప్ ఉన్న సింథటిక్ సంచి తేలిక. లోపల చెయ్యి పెట్టి తుడుచుకోవచ్చు.

ఈ తుడవడం చిన్న విషయం కాదు. 2016లో థొరాక్స్ వైద్య పత్రికలో మాంచెస్టర్ డాక్టర్లు ఒక కేసు రాశారు. రోజూ పైప్స్ వాయించే 61 ఏళ్ళాయనకు ఊపిరితిత్తుల జబ్బు ఎంతకీ తగ్గలేదు. మూడు నెలలు పైప్స్ లేకుండా ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు మాత్రం తేరుకున్నాడు. చివరికి సంచిలోంచి, రీడ్ దగ్గరి నుంచి తీసిన నమూనాల్లో రకరకాల బూజు దొరికింది. ఆయన బతకలేదు. పాత సెట్ కొన్నా, చవక సెట్‌తో వచ్చే రబ్బరు సంచి వాడినా ఇది గుర్తుంచుకోండి. వాయించాక విడదీసి ఆరబెట్టాలి.

ఇక డబ్బు లెక్క. నేను ఇక్కడ ఊరి బ్యాండులో వాయిస్తాను, చవక సెట్‌ని బాగుచేసుకుందామని వచ్చేవాళ్ళని చూస్తుంటాం. మంచి ప్లాస్టిక్ చాంటర్ మీ లెక్కలో దాదాపు తొమ్మిది వేలు. సింథటిక్ డ్రోన్ రీడ్లు మూడూ కలిపి ఏడెనిమిది వేలు. సంచి పదిహేను వేల పైన. చాంటర్ రీడ్ ఇంకో వెయ్యి, వెయ్యిన్నర. పదమూడు వేల సెట్‌కి ముప్ఫై అయిదు వేలు చేర్చారన్నమాట, మిగిలింది శీషం డ్రోన్లే. అవి కూడా నిలకడగా పలుకుతాయన్న నమ్మకం లేదు. ఇంకో ఇరవై, ముప్ఫై వేలు కలిపితే కొత్త ప్లాస్టిక్ సెట్ వచ్చేస్తుంది, అది రేపు అమ్మినా సగానికి పైగా తిరిగొస్తుంది. చవకదాన్ని తిరిగి కొనేవాడు ఉండడు.

సెకండ్‌హ్యాండ్ మంచి దారి. కానీ మీ బావగారిని ఒకటి చూడమనండి: పాత సెట్లలో తెల్లటి రింగులు ఏనుగు దంతం కావచ్చు. 2014 ఆగస్టులో అమెరికా కుర్రాళ్ళిద్దరు కెనడాలో పోటీకి వెళ్ళి తిరిగొస్తుంటే సరిహద్దులో వాళ్ళ పైప్స్ దంతం కారణంగా పట్టేశారు. మన దేశంలోకి దంతం తేవడం చట్టరీత్యా నేరం. అలాంటి సెట్ ఎంత తక్కువకు వచ్చినా ముట్టుకోవద్దు.

విశాఖ_లేత్‌పని
శ్రీధర్ గారి లెక్క సరిగ్గా ఉంది. కానీ నాలాంటివాడికి చవక సెట్ వేరే రకంగా పనికొస్తుంది. విప్పి, కొలిచి, మళ్ళీ కట్టి, వాయిద్యం ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి. డ్రోన్‌లో జారుడు జాయింటు కొద్దిగా పైకి లాగితే శ్రుతి దిగుతుంది, కిందికి నొక్కితే ఎక్కుతుంది. రెండు టెనర్ల శ్రుతి దగ్గరికొచ్చేకొద్దీ, కలవనప్పుడు వినిపించే ఆ వూగే నాదం నెమ్మదించి, నెమ్మదించి, ఒక్కటైపోతుంది. అది చేత్తో తెలుసుకోవడం ఒక ఆనందం. వాయించడం నేర్చుకోవాలన్నవాళ్ళకు మాత్రం ఇది సరిపోదు, అది వేరే కోరిక.

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలో దొరికే చవక పైప్స్‌లో ఎక్కువ భాగం అక్కడివే. బ్రిటిషు కంటోన్మెంటు ఉన్న ఊరు, సైనిక బ్యాండుల అవసరాలతో ఆ పని పెరిగింది. ఫుట్‌బాళ్ళు, ఆపరేషన్ కత్తులు చేసేది కూడా అదే ఊరు, అంటే చేతిపని తెలియనివాళ్ళు కారు. తక్కువ రేటుకు టోకున చేయమంటే ఏ ఊరైనా అలాగే చేస్తుంది. మన దేశంలోకి మాత్రం 2025 మే 2 నుంచి పాకిస్తాన్ సరుకు ఏ దారిన వచ్చినా దిగుమతి నిషేధం. కాబట్టి మీరు చూసిన సెట్ మన దగ్గర చేసింది అయ్యుండాలి. అలా కాదంటే అమ్మేవాణ్ణి గట్టిగా అడగండి.

మియాపూర్_కిరణ్
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, నిజంగా కృతజ్ఞుణ్ణి. చవక సెట్ ఆలోచన మానేశాను. ప్లాస్టిక్ లాంగ్ ప్రాక్టీస్ చాంటర్ అక్కతో తెప్పించుకుంటాను. మేస్త్రి గారు చెప్పినట్టు దగ్గర్లో మనిషిని కూడా వెతుకుతాను. రెండు అనుమానాలు మిగిలాయి. సెట్‌తో ఉచితంగా వచ్చే ప్రాక్టీస్ చాంటర్ ఒక్కటే విడిగా ఆరేడు వందలకు అమ్ముతున్నారు, డిసెంబరు దాకా అది సరిపోతుందా? ఏడాది తర్వాత ఫ్లాట్‌లో పెద్ద పైప్స్ వాయించడం కుదిరేదేనా?

గ్లాస్గో_స్వప్న
ఆరేడు వందలది వద్దు కిరణ్ గారూ. దాంట్లో రంధ్రాల దూరం తేడాగా ఉంటే వేళ్ళకు తప్పు అలవాటు పడుతుంది. మొదటి నెలల్లో పడిన అలవాటు వదిలించడానికి టీచర్ గారు పిల్లలతో ఎంత కష్టపడతారో చూస్తూనే ఉన్నాను. పెద్ద చాంటర్ మీద వేలి చివర్లతో కాదు, వేళ్ళు చాచి మెత్తటి భాగంతో మూయాలి. వేణువు అలవాటున్నవాళ్ళకు ఇక్కడే ఇబ్బంది. అంతవరకు వినండి. ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో జరిగే ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీల వీడియోలు బోలెడు దొరుకుతాయి. పిల్లల బ్యాండ్లవి కూడా చూడండి, అసలు మంచి శ్రుతి ఎలా ఉంటుందో చెవికి పడుతుంది.

డాలస్_శ్రీధర్
ఫ్లాట్‌లో పెద్ద పైప్స్ కుదరవు. వంద డెసిబుల్స్ దాటుతుంది, మూసిన గదిలో మీ చెవులకే ప్రమాదం. ఆరుబయటైనా సరే, ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకునే వాయించండి. పార్కు, గ్రౌండు, వాచ్‌మన్ ఒప్పుకుంటే సెల్లారు. ఇంట్లో వాయించాలంటే స్కాటిష్ స్మాల్‌పైప్స్ అని వేరే వాయిద్యం ఉంది, వేళ్ళు అవే, గొంతు మెత్తన, శ్రుతి మామూలు ‘ఏ’ (A)కి ఉంటుంది కాబట్టి వేరే వాయిద్యాలతో కూడా కలుస్తుంది. ధర మాత్రం తక్కువ కాదు. ఎలక్ట్రానిక్ చాంటర్లు హెడ్‌ఫోన్‌తో వాడొచ్చు, వేళ్ళకు సాధన అవుతుంది, ఊపిరికి కాదు. సంచి అలవాటు కోసం గూస్ అని దొరుకుతుంది, డ్రోన్లు లేని సంచికి ప్రాక్టీస్ చాంటర్ తగిలించడం. ఏడాది చివర్లో మీకు అదే సరైన మెట్టు.

బెజవాడ_బ్యాండ్_మేస్త్రి
కిరణ్ గారూ, సికింద్రాబాద్ వైపు ఆర్మీ నుంచి రిటైరైన పైపర్లు ఉంటారు, పోలీసు బ్యాండుల్లో చేసినవాళ్ళూ ఉంటారు. పెళ్ళి బ్యాండ్ల కొట్లలో అడిగితే ఎవరో ఒకరు చూపిస్తారు. బెజవాడ వస్తే మా సెట్ ఒకసారి చంకలో పెట్టుకుని చూడండి. ఏడాది తర్వాత కొనేముందు బరువు, ఒత్తిడి మీకే తెలుస్తాయి.

మియాపూర్_కిరణ్
తప్పకుండా వస్తాను మేస్త్రి గారూ. అక్కకు ఇప్పుడే మెసేజ్ పెట్టాను. చాంటర్‌తో పాటు ఇంకేమైనా తెమ్మనాలా? విమానంలో ఎలా తేవాలి?

పాత_పైపర్_టెక్కలి
ప్లాస్టిక్ రీడ్లు రెండు అదనంగా తెమ్మను, అవి పోతే ఇక్కడ దొరకడం కష్టం. మైనం పట్టించిన జనపనార దారం ఒక ఉండ. అంతకుమించి ఏమీ వద్దు. చాంటర్ రెండు ముక్కలుగా విడదీస్తే చేతి సంచిలో పడుతుంది. రీడ్ మాత్రం తీసి చిన్న డబ్బాలో వేరుగా పెట్టమను, దాని అంచు నలిగితే పలకదు. వచ్చాక రీడ్ గుంటలో మరీ లోతుగా నొక్కకు, మరీ వదులుగా ఉంచకు. కింది ‘ఏ’ (A), పై ‘ఏ’ (A) రెండు స్వరాలూ వాయించి చూడు. పైది ఎక్కువ పలుకుతుంటే రీడ్ ఒక వెంట్రుకంత పైకి లాగు, తగ్గు పలుకుతుంటే లోపలికి నొక్కు. రెండూ కలిశాక అక్కడే వదిలెయ్, రోజూ కదపకు. అప్పుడు ఇక్కడ రాయి, మొదటి గ్రేస్ నోట్ ఎలా కొట్టాలో చెప్తాను.